కెప్టెన్సీ పోయాక కూడా బ్యాటు దించని నాయుడుగారు

దాళ్వా కోతలు అయిపోయాక మా మందిరం వెనుక చేను నెలన్నర పాటు క్రికెట్ మైదానమైపోతుంది. కొబ్బరి మట్ట చెక్కిన బ్యాటు, రబ్బరు బంతి, వికెట్లకు మూడు సరుగుడు కర్రలు. బంతి కాలవలో పడితే అవుటు. ఇది మా కోనసీమ నిబంధన, వేరే చోట ఉందో లేదో తెలియదు. మొన్నొక సాయంత్రం ఆ ఆట మధ్యలో ఆగిపోయింది. అంతవరకు కెప్టెన్‌గా ఉన్న పిల్లవాణ్ని కాదని మిగతావాళ్లు ఇంకొకణ్ని పెట్టుకున్నారట. వాడు ఎవరితోనూ గొడవపడలేదు. బ్యాటు చంకలో పెట్టుకొని గట్టు మీదుగా ఇంటికి వెళ్లిపోయాడు. బ్యాటు వాడిదే మరి.

మాకు మొదట నవ్వు వచ్చింది. ఆ తరువాత రాలేదు. వాడికి పన్నెండేళ్లు. యాభై, అరవై ఏళ్లవారు ఇదే పని చేయగా మేము ఎన్నిసార్లు చూడలేదు! సంఘ కమిటీ ఎన్నికలు జరుగుతాయి. పదేళ్లు కోశాధికారిగా ఉన్న పెద్దాయన ఓడిపోతారు. తరువాతి ఆదివారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంటుంది. నెల తరువాత ఆయన కుటుంబమంతా పక్క ఊరి మందిరంలో కనిపిస్తుంది. ఒకరిని అనడం ఎందుకు? చాలా ఏళ్ల కిందట మమ్మల్ని ఒక పెద్ద పట్టణపు సంఘం నుంచి నలభై గడప కూడా లేని పల్లెకు పంపినప్పుడు, ఆరు నెలల పాటు మేమూ బ్యాటు చంకలో పెట్టుకొనే ప్రసంగాలు చేశాం. ఆ పల్లెవారు అది గ్రహించారు. పైకి అనలేదు.

మిగిలిన పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి, మన దేశపు మొదటి టెస్టు కెప్టెన్ ఎవరని అడిగాం. తలా ఒక పేరు చెప్పారు. ఒక్కటీ సరికాదు. ఆయన తెలుగు కుటుంబంలో పుట్టినవాడంటే అయ్యగారు వేళాకోళం చేస్తున్నారనుకున్నారు. ఆ సాయంత్రం వారికి ముక్కలుగా చెప్పిన కథను ఈ వారం పాఠకుల కోసం కాస్త నింపాదిగా రాస్తున్నాం.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టారు. లోకానికి ఆయన సి.కె. నాయుడు. వారిది మన కోస్తా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంటివారికి చదువు, భూములు, పలుకుబడి ఉన్నాయి. కాబట్టి కడుపు చేత పట్టుకొని మైదానానికి వచ్చిన బీదపిల్లవాడి కథ కాదిది. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. ఆయనకు లేనిది వేరొకటి. రాజవంశం. ఆ రోజుల్లో క్రికెట్‌లో అది లేకపోవడం ఎంత పెద్ద లోటో ముందుముందు తెలుస్తుంది.

1916లో బొంబాయిలో ఆయన మొదటి పెద్ద మ్యాచ్ ఆడారు. అప్పటి జట్లు ఊరి పేర్లతోనో రాష్ట్రాల పేర్లతోనో ఉండేవి కావు. యూరోపియన్లు, పార్శీలు, హిందువులు, ముస్లింలు అని మతాన్ని బట్టి నాలుగు జట్లు. 1937లో అయిదో జట్టు చేరింది. దాని పేరు 'మిగిలినవారు'. భారతీయ క్రైస్తవుల చోటు అందులోనే. తరువాతి కాలంలో భారత కెప్టెన్ అయిన విజయ్ హజారే క్రైస్తవుడు గనుక ఆ 'మిగిలినవారి' తరఫునే ఆడి, 1943లో జట్టు చేసిన 387 పరుగుల్లో ఒక్కడే 309 చేశాడు. హిందూ జట్టులోనూ అందరూ సమానులు కారు. ఆ జట్టుకు ఏళ్ల తరబడి వికెట్లు తీసిపెట్టిన పల్వంకర్ బాలూ దళితుడు. పూనాలో మైదానంలో ఆయన బంతిని అందరూ పట్టుకొనేవారు గాని, టీ వేళ ఆయనకు మాత్రం బయట మట్టి పాత్రలో పోసేవారు. ఎంత గొప్పగా ఆడినా ఆయనకు ఆ జట్టు పగ్గాలు దక్కలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కాయి. ఇది మా కథ కాదనుకొనేవారు మన సంఘాల్లో ఎవరైనా ఉంటే, వారి తాతగారిని అడిగి చూడవలసిందే.

నాయుడుగారు అడుగుపెట్టిన లోకం అది. ఆ మొదటి మ్యాచ్‌లో ఆయన్ను తొమ్మిదో స్థానంలో దింపారు. జట్టు 79 పరుగులకు 7 వికెట్లు పోగొట్టుకుంది. వచ్చిన కుర్రవాడు మూడు బంతులు జాగ్రత్తగా ఆపి, నాలుగోదాన్ని సిక్సర్‌గా కొట్టాడు. అంతే. ఆ తరువాత ఆయన్ను ఎవరూ తొమ్మిదో స్థానంలో ఎక్కువ కాలం ఉంచలేకపోయారు.

1923లో ఇందూరు హోల్కర్ మహారాజు ఆయన్ను పిలిపించి తన సైన్యంలో ఉద్యోగమిచ్చారు. కెప్టెన్ హోదాతో మొదలై కల్నల్ దాకా వచ్చింది. ఆ కల్నల్ అన్న మాట చివరిదాకా ఆయన పేరుకు ముందు అంటుకొనే ఉంది. మనిషి కూడా అలాగే ఉండేవారు. పొడుగ్గా, నిటారుగా, చొక్కా మడత నలగకుండా. ఇందూరు ఆయనకు సొంత ఊరైపోయింది.

1926 డిసెంబరులో దేశమంతా ఆయన పేరు చెప్పుకొంది. ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చి బొంబాయి జింఖానా మైదానంలో హిందువులతో ఆడింది. ముందు వారి బ్యాట్స్‌మన్ గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 చేశాడు. తెల్లదొర కొట్టినట్టు మనవాడు కొట్టగలడా అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఒక్క ఆటకే సంబంధించినది కాదు. మరునాడు నాయుడుగారు దిగి రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. ఆ వార్త పాకి, ఆఫీసులు వదిలి జనం మైదానానికి వచ్చారనీ, చుట్టుపక్కల మేడల మీద, చెట్ల మీద నిలబడి చూశారనీ చెబుతారు. వచ్చిన జట్టే ఆయనకు వెండి బ్యాటు కానుకగా ఇచ్చింది. భారత్‌కు టెస్టు హోదా ఇవ్వవచ్చునన్న ఆలోచనకు ఆ పర్యటన బలమిచ్చింది. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

బ్యాటు ఒక్కటే అయితే ఈ కథ ఇంత పొడుగు సాగేది కాదు. ఆయన బంతి వేసేవారు. మెల్లగా కనిపించినా తెలివిగా వేసే బంతులవి. జీవితమంతా కలిపి పెద్ద మ్యాచుల్లో 411 వికెట్లు తీశారు. ఫీల్డింగ్‌లోనూ పేరున్నవారే. ఏ స్థానంలో బ్యాటింగ్‌కు పంపినా వెళ్లారు. ఒక సంఘంలో పాట పాడగలిగి, లెక్క రాయగలిగి, పైకప్పు కారుతుంటే తాటాకు కూడా వేయగలిగిన మనిషి ఒకరు దొరికితే ఆ సంఘకాపరి ఎంత సంతోషపడతాడో మాకు తెలుసు. కెప్టెన్లకు నాయుడుగారు అలాంటివారు.

అయితే కెప్టెన్ అయ్యేది ఎవరు? 1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లండు బయలుదేరినప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. జట్టు నడవాలంటే డబ్బు కావాలి. డబ్బు మహారాజులది. విందుల్లో ప్రసంగాలు చేయడానికీ, దొరలతో సమానంగా కూర్చోవడానికీ రాజవంశీకుడే తగినవాడన్నది అప్పటి నమ్మకం. అందుచేత పోర్బందరు మహారాజును కెప్టెన్‌గా, లింబ్డీ రాజవంశీకుణ్ని ఉపకెప్టెన్‌గా పంపారు. పోర్బందరు మహారాజు మంచివాడు. ఆ పర్యటనలో ఆయన చేసిన పరుగులను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది ఆయనకూ తెలుసు. అందుకే టెస్టు దగ్గరపడగానే తనంతట తాను పక్కకు తప్పుకొన్నాడు. ఈ కథలో మేము బాగా గౌరవించేవారిలో ఆయనొకరు. తనకు రాని పనిని వచ్చినవాడి చేతిలో పెట్టడం ఎంతమంది పెద్దలకు చేతనవుతుంది?

అలా 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టును నడిపించే పని నాగపూరు తెలుగువాడికి వచ్చింది. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు. చాలామంది ఆట మానేసే వయసు. అది కూడా సాఫీగా రాలేదు. ఆయన కింద ఆడబోమని జట్టులో కొందరు ఆ ఉదయమే మొరాయించారనీ, పటియాలా మహారాజు గట్టిగా తంతి పంపితే గాని మైదానంలోకి దిగలేదనీ ఆ రోజుల గురించి రాసినవారు చెబుతారు. వారిని పూర్తిగా తప్పుపట్టలేం. నాయుడుగారు కఠినమైన మనిషి. ఆలస్యంగా వచ్చినవాణ్ని, బంతి కోసం పరుగెత్తనివాణ్ని క్షమించేవారు కారు. ఆయన మాట తీరుకు నొచ్చుకున్నవారు ఉన్నారు. మహారాజు కాని మనిషి ఆజ్ఞాపిస్తే నొప్పి ఎక్కువ అన్నదీ నిజమే కావచ్చు.

ఏమైనా మొదటి గంటలోనే భారత జట్టు ఇంగ్లండును 19 పరుగులకు 3 వికెట్ల స్థితికి తెచ్చింది. మైదానం నిశ్శబ్దమైపోయింది. చివరికి మనవారు 158 పరుగుల తేడాతో ఓడిపోయారు. నాయుడుగారికి ఫీల్డింగ్‌లో చేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటు పట్టుకొని 40 పరుగులు చేశారు. మన మొదటి ఇన్నింగ్స్‌లో అదే ఎక్కువ స్కోరు. ఆ పర్యటన మొత్తంలో పెద్ద మ్యాచుల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు ఆయనవి. బర్మింగ్‌హాంలో ఆయన కొట్టిన ఒక సిక్సర్ మైదానం అవతలి రీ నదిని దాటిపోయింది. ఆ నది అప్పట్లో రెండు కౌంటీలకు సరిహద్దని, బంతి ఒక కౌంటీలో బయలుదేరి మరో కౌంటీలో పడిందని చెప్పుకొని నవ్వుకొనేవారు. గోదావరి పాయ ఇవతల కొట్టిన బంతి అవతలి ఒడ్డున పడినట్టన్నమాట. పిల్లలకు ఈ ముక్క బాగా నచ్చింది. మరుసటి సంవత్సరం ఇంగ్లండువారి విజ్డెన్ వార్షిక గ్రంథం ఆయన్ను ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

1933-34లో జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చింది. మూడు టెస్టులకూ నాయుడుగారే కెప్టెన్. రెండు ఓడిపోయాం, ఒకటి డ్రా. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ మన దేశపు మొదటి టెస్టు సెంచరీ చేస్తుండగా రెండో వైపు నిలబడి 67 పరుగులు చేసి ఆయన్ను నడిపించింది నాయుడుగారే. ఆ తరువాత ఆయనకు టెస్టు కెప్టెన్సీ మళ్లీ దక్కలేదు.

1936లో జట్టు మళ్లీ ఇంగ్లండు వెళ్లింది. ఈసారి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్. విజ్జీ అని అందరూ పిలిచేవారు. అంటే పగ్గాలు ఒక తెలుగువాడి చేతి నుంచి ఇంకొక తెలుగువాడి చేతికే వెళ్లాయి. కాని ఒకరికి అవి ఆటవల్ల వచ్చాయి, ఇంకొకరికి హోదావల్ల. విజ్జీ క్రికెట్‌కు చాలా ధనం ఖర్చుపెట్టారు. ఆటను ప్రేమించారు కూడా. ఆ మాట కాదనకూడదు. అయితే ఆట ఆయన్ను అంతగా ప్రేమించలేదు. మూడు టెస్టుల్లోనూ కలిపి 33 పరుగులు చేశారు. ఆ పర్యటన జట్టును రెండు ముక్కలు చేసింది. అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మధ్యలోనే ఇంటికి పంపేశారు. నాయుడుగారిని అందరి ఎదుట అవమానించిన ఒక ఆటగాడికి బహుమానంగా టెస్టులో చోటు దొరికిందన్న కథ కూడా క్రికెట్ చరిత్రల్లో ఉంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. నాలుగేళ్ల కిందట అదే దేశంలో జట్టును నడిపించిన మనిషి. ఇప్పుడు 40 ఏళ్లు. తనకంటే బాగా తక్కువ ఆడగల వ్యక్తి నాయకత్వంలో, తనను చిన్నచూపు చూసేవారి మధ్య ఉన్నాడు. వెళ్లిపోవడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. ఇందూరులో ఉద్యోగముంది, పరువుంది. వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. మేమైతే వెళ్లిపోయేవాళ్లం.

ఆయన ఉన్నారు. చివరి టెస్టు ఓవల్ మైదానంలో. ఇంగ్లండు తరఫున హామండ్ 217 చేశాడు. మనవారు రెండో ఇన్నింగ్స్‌లో ఓటమి తప్పించుకోవడానికి తంటాలు పడుతున్నారు. ఇంగ్లండు కెప్టెన్ అలెన్ వేగంగా వేసిన బంతి నాయుడుగారి ఒంటికి బలంగా తగిలింది. ఆ రోజుల్లో తలకు హెల్మెట్ లేదు, ఛాతీకి కవచం లేదు. పలచటి చేతి తొడుగులు, కాళ్లకు ప్యాడ్లు, అంతే. చూసేవారు ఆయన్ను బయటికి మోసుకుపోవలసి వస్తుందనుకున్నారు. ఆయన సర్దుకొని నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. చివరి టెస్టు కూడా అదే. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు, 9 వికెట్లు. ఈ అంకెలు చూసి ఇంతేనా అనిపించవచ్చు. మన దేశానికి టెస్టులు వచ్చేసరికే ఆయన వయసు మీద పడింది మరి.

చాలా జీవితచరిత్రలు ఇక్కడితో ముగించి చివర ఒక పేరా కలుపుతాయి. మాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. 1936 తరువాత ఆయన ఇంకా 20 ఏళ్లకు పైగా ఆడారు.

ఇందూరుకు వెళ్లి హోల్కర్ జట్టును తయారుచేశారు. ఆ ఊళ్లో ముస్తాక్ అలీ అనే పిల్లవాడిలోని ఆటను ముందుగా గుర్తించి చేయి పట్టుకొని నేర్పింది ఆయనే. ఆ ముస్తాక్ అలీ 1936లోనే మాంచెస్టర్‌లో, విదేశీ గడ్డ మీద మనవారి మొదటి టెస్టు సెంచరీ చేశాడు. బొంబాయి మత జట్ల పోటీల్లో గురువు హిందువుల తరఫున, శిష్యుడు ముస్లింల తరఫున ఎదురెదురుగా నిలబడవలసి వచ్చేది. ఇందూరుకు తిరిగి వస్తే ఇద్దరిదీ ఒకే జట్టు. ఆ మత జట్ల పోటీలు స్వాతంత్ర్యానికి కొంచెం ముందు ఆగిపోయాయి. వాటి గురించి ఇప్పుడు పుస్తకాల్లోనే చదువుతాం. హోల్కర్ జట్టు మాత్రం సాగింది. నాయుడుగారి తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా అందులో ఆడారు. యుద్ధకాలంలో సైనికుడిగా మన దేశానికి వచ్చిన ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ సైతం 1945లో రంజీ ఫైనల్ ఆ జట్టుకే ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆయన సారథ్యం వహించిన తొమ్మిదేళ్లలో హోల్కర్ ఎనిమిదిసార్లు రంజీ ట్రోఫీ ఫైనల్‌కు చేరి, నాలుగుసార్లు గెలిచింది. ఆ జట్టులో చేరిన కుర్రవాళ్లకు ఆయనంటే భయం. ఆ భయం గురించి ముసలితనంలో వారు మాట్లాడేటప్పుడు అందులో ప్రేమ ఎక్కువగా వినిపించేది.

1945-46 సీజన్ సంగతి చెప్పాలి. మైసూరు మీద హోల్కర్ 8 వికెట్లకు 912 పరుగులు చేసింది. ఆరుగురు సెంచరీలు చేశారు. అందులో ఒకరు 50 ఏళ్ల నాయుడుగారు. ఆ వెంటనే బరోడాతో ఆడుతూ ఆయన సరిగ్గా 200 చేశారు. ఆయన జీవితంలో అదే పెద్ద స్కోరు. యాభైలో పడ్డాక! మన పెద్దల్లో యాభై దాటగానే మోకాళ్లు పట్టుకొని, ఇక పనంతా కుర్రవాళ్లదే అంటూనే కుర్చీ మాత్రం వదలనివారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు.

ఇంకో సంఘటన. బొంబాయితో రంజీ మ్యాచ్. ఆయనకు 56 ఏళ్లు. అప్పటి భారత జట్టు ఫాస్ట్ బౌలర్ దత్తూ ఫడ్కర్ వేసిన బంతి లేచి నోటికి తగిలింది. రెండు పళ్లు ఊడి పిచ్ మీద పడ్డాయి. అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆయన పళ్లను బ్యాటుతో పక్కకు నెట్టి, రక్తం తుడుచుకొని మళ్లీ నిలబడ్డారు. వయసులో పెద్దాయన కదా అని ఫడ్కర్ తరువాతి బంతులు మెల్లగా వేస్తే, అలా వేయవద్దని కబురు చేశారట. ఆ ఇన్నింగ్స్‌లో 66 పరుగులు చేశారు. మన పిల్లలు దీన్నే నాలుగుసార్లు చెప్పించుకున్నారు. పళ్లు ఎటువైపు పడ్డాయో కూడా అడిగారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మా పెద్దలు ఆ రోజును పండుగలా చెప్పుకొనేవారు. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో ఆడింది. పేరున్న ఆటగాళ్లు లేరు, అనుభవం లేదు, గెలుస్తామన్న ఆశ కూడా పెద్దగా లేదు. ఆ జట్టును నడిపించడానికి 58 ఏళ్ల నాయుడుగారు వచ్చారు. అప్పటికి ఆయన రంజీ ట్రోఫీని నాలుగుసార్లు అందుకున్న జట్టు మనిషి. గెలిచే జట్టును వదిలి నిన్నగాక మొన్న పుట్టిన జట్టు దగ్గరికి రావడంలో ఆయనకు మిగిలేది ఏముంది? నాగపూరులో పుట్టి, ఇందూరులో బతికి, ముసలితనంలో కన్నవారి మూలాల వైపు ఒక్కసారి తిరిగి వచ్చారనుకోవడం మాకు ఇష్టం. నలభై గడప లేని ఆ పల్లె మాకు అప్పుడు గుర్తుకొస్తుంది, మెడ వంగిపోతుంది. ఎనభై అయిదేళ్ల కాలేబు యెహోషువ దగ్గరికి వెళ్లి, చదును నేల కాదు, శత్రువులున్న కొండ సీమే కావాలని అడిగిన సంగతి బైబిలు చదివేవారికి ఎలాగూ తెలుసు.

1956లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. క్రికెట్ ఆటగాళ్లలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. పతకం తీసుకొని ఇంట్లో కూర్చున్నారా? లేదు. అదే సీజన్‌లో, 61 ఏళ్ల వయసులో, ఉత్తరప్రదేశ్ జట్టుకు రంజీ మ్యాచులు ఆడారు. చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశారు.

ఇక్కడ మాకొక సందేహం ఉంది, దాచుకోదలచుకోలేదు. అరవై దాటిన మనిషి పదకొండు మందిలో ఒక చోటు తీసుకుంటే, ఆ చోటు కోసం ఎదురుచూసిన ఇరవై ఏళ్లవాడి సంగతేమిటి? బహుశా అలాంటివాడు ఒకడు గట్టు మీద కూర్చొని ఉంటాడు. బోధకులు కూడా కొందరు రిటైరైన తరువాత ప్రసంగ వేదిక దిగరు. దాన్ని మేము సేవ అనలేం. నాయుడుగారికీ ఆ బలహీనత కొంత ఉండి ఉండవచ్చు. ఆట లేకుండా తానేమిటో ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు. కాని రెంటికీ ఒక తేడా ఉంది. ఆయన పట్టుకొన్నది బ్యాటును, కుర్చీని కాదు. సెలక్షన్ కమిటీ అధ్యక్షులుగా, అంటే కుర్చీలో, ఆయన ఉన్నారు. అక్కడి కంటే మైదానంలోనే ఎక్కువ కాలం ఉన్నారు. అలసటా, దెబ్బలూ, కుర్రవాళ్ల వేగమూ ఉండేది మైదానంలో. కుర్చీలో అవేవీ ఉండవు.

1963లో, 68 ఏళ్ల వయసులో, విరాళాల కోసం జరిగిన ఒక మ్యాచ్‌లో చివరిసారి ప్యాడ్లు కట్టుకున్నారు. 1916 నుంచి లెక్కిస్తే 47 ఏళ్లు. మొత్తం 207 పెద్ద మ్యాచులు, 11,825 పరుగులు, 26 సెంచరీలు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. ఇప్పుడు మన క్రికెట్ బోర్డు జీవితకాల సేవకు ఇచ్చే పురస్కారం ఆయన పేరు మీదనే ఉంది. కుర్రవాళ్ల జాతీయ పోటీ ఒకదానికీ ఆయన పేరే. ఆయన కూతురు చంద్ర నాయుడు మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన మొదటి మహిళ. తండ్రి గురించి పుస్తకం కూడా రాశారు.

పిల్లలకు ఇదంతా చెప్పేసరికి చీకటి పడింది. మధ్యలో ఎప్పుడు వచ్చాడో గాని, ఇంటికి వెళ్లిపోయిన మట్ట బ్యాటు పిల్లవాడు గట్టుకు అవతల కొబ్బరి చెట్టు కింద నిలబడి వింటున్నాడు. మేము చూడనట్టు ఊరుకున్నాం. కథ అయిపోయాక, విజ్జీ కెప్టెన్ అయినప్పుడు నాయుడుగారు బ్యాటు ఇంటికి ఎందుకు తీసుకుపోలేదని వాడే అడిగాడు. మాకు వెంటనే జవాబు రాలేదు. మరునాడు సాయంత్రం ప్రార్థన ముగించుకొని వెనక్కి వచ్చి చూస్తే చేలో ఆట జరుగుతోంది. కెప్టెన్ కొత్తవాడే. బ్యాటు అదే. వాడు కాలవ వైపు ఫీల్డింగ్ చేస్తున్నాడు, బంతి నీళ్లలో పడకుండా.